నాసికాశోథ, సైనస్ శోథ: రాయపూర్ ప్రాంతంలో లక్షణాల గుర్తింపు

ముక్కు లోపలి పొర ఎర్రబడి, ఉబ్బి, స్రావం ఎక్కువై, గాలి రాకపోకలకు అడ్డుపడే స్థితిని నాసికాశోథ అంటారు. శోథ అంటే వాపు, ఎరుపు, వేడి, నొప్పి కలగలిసి కనిపించే శరీర ప్రతిచర్య. ఆధునిక వైద్యంలో ముక్కుకు వచ్చే ఈ స్థితికి రైనైటిస్ అని పేరు. ముక్కు చుట్టూ ముఖపు ఎముకలలో ఉండే గాలి గదులు సైనసులు. వీటి లోపలి పొర ముక్కు పొరకు కొనసాగింపే కనుక ముక్కులో మొదలైన వాపు ఆ గదులలోకి పాకడం సహజం, ముక్కు బాగుండి సైనసులు మాత్రమే చెడడం అరుదు. అందువల్లనే నేటి వైద్యులు రెండింటినీ కలిపి రైనోసైనసైటిస్ అని వ్యవహరిస్తున్నారు. తెలుగులో జలుబు, పడిశం, రొంప, ముక్కుదిబ్బడ, పీనసం అనే మాటలు ఈ స్థితుల వేర్వేరు దశలకూ ఛాయలకూ చిరకాలంగా ఉన్నవే. వాటికి తోడు ఇటీవలి దశాబ్దాలలో 'సైనస్ ఉంది' అనే మాట ఇంటింటా వినబడుతున్నది. నిజానికి సైనసు అవయవం పేరే గాని రోగం పేరు కాదు, అది లేని మనిషి ఉండడు. ఈ పొరపాటు మాట వరకే ఆగితే నష్టం లేదు గాని, తల నొచ్చిన ప్రతిసారీ, ముక్కు బిగుసుకున్న ప్రతిసారీ అదే పేరు పెట్టి అదే మందు మింగడం వల్ల అసలు రోగం మరుగున పడిపోతుంది.

ముక్కు చూపగలిగే లక్షణాలు నిజానికి కొన్నే: దిబ్బడ, కారడం, తుమ్ము, దురద, వాసన తగ్గడం, ముఖంలో బరువు లేదా నొప్పి, నెత్తురు. పదిరోజులలో తనంతట పోయే జలుబూ, ఏళ్ల తరబడి వేధించే అలర్జీ, కంటిచూపునూ ప్రాణాన్నీ తీయగల శిలీంధ్ర రోగమూ ఈ కొద్ది లక్షణాలతోనే బయటపడతాయి. కాబట్టి లక్షణం ఏమిటన్న దానికన్నా అది ఎన్నాళ్లుగా ఉన్నది, ముక్కుకు ఒక పక్కనా రెండు పక్కలా, దానికి తోడుగా మరేమున్నాయి, రోగి ఎక్కడ ఏ పనిలో బతుకుతున్నాడు అన్న నాలుగు విషయాలే రోగాన్ని పట్టిస్తాయి. ఈ చివరి ప్రశ్నకు ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ పరిసరాలలో ఉన్నంత విలువ దేశంలో చాలా తక్కువ చోట్ల ఉంటుంది.

నిర్మాణం, పనితీరు

సైనసులు నాలుగు జతలు. బుగ్గ ఎముక వెనుక ఉన్న మాక్సిలరీ సైనసు అన్నింటిలోకి పెద్దది. పెద్దవారిలో దాని లోపలి చోటు సుమారు 15 మిల్లీలీటర్లు. నుదుట కనుబొమల పైన ఫ్రంటల్ సైనసు, రెండు కళ్ల నడుమ జల్లెడలా చిన్న చిన్న అరలుగా ఎత్మాయిడ్ సైనసు, ముక్కు వెనుక పుర్రె అడుగున స్ఫీనాయిడ్ సైనసు ఉంటాయి. మాక్సిలరీ, ఎత్మాయిడ్ సైనసులు పుట్టుకతోనే ఉంటాయి గాని, నుదుటి సైనసు రూపుదిద్దుకోవడానికి ఐదారేళ్లు దాటాలి, పూర్తిగా ఎదగడానికి కౌమారం గడవాలి. అందువల్ల నాలుగేళ్ల బిడ్డ నుదురు నొస్తున్నదంటే దానికి సైనసు కారణమనడం కుదరదు.

ఈ గదులన్నింటి లోపలి పొర మీద కంటికి కనిపించని సన్నని కేశాలు ఉంటాయి. ఇవి సెకనుకు పది పదిహేనుసార్లు ఊగుతూ, దుమ్మునూ సూక్ష్మజీవులనూ పట్టుకున్న జిగురును గది ద్వారం వైపు, అక్కడి నుంచి గొంతు వైపు నెడుతూ ఉంటాయి. మాక్సిలరీ సైనసు ద్వారం గది అడుగున గాక పైభాగాన ఉండడం ఇందులో విశేషం; చెరువుకు తూము కట్ట అడుగున గాక కట్ట మీద పెట్టినట్టుగా ఉన్న ఈ అమరికలో జిగురు వాలుకు జారదు, కేశాలు మోసి ఎక్కిస్తేనే బయటికి పోతుంది. జలుబుతోనో, అలర్జీతోనో, పొగతోనో ఆ కేశాలు సత్తువ కోల్పోయినా, ద్వారం చుట్టూ పొర ఉబ్బి మూసుకుపోయినా జిగురు లోపలే నిలిచి చెడుతుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగర వైద్యుడు వాల్టర్ మెసెర్‌క్లింగర్ 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ ప్రవాహ మార్గాలను ఎండోస్కోపుతో, అంటే ముక్కులోకి పంపి చూసే సన్నని గొట్టపు పరికరంతో, ఓపికగా పరిశీలించి నిరూపించిన తరువాతనే సైనసు చికిత్స గదిని తొలవడం మాని ద్వారాన్ని తెరవడం వైపు మళ్లింది.

ఆరోగ్యవంతుని ముక్కులో కూడా రెండు రంధ్రాలూ ఒకేసారి సమానంగా తెరిచి ఉండవు. కొన్ని గంటలకొకసారి ఒక పక్క పొర కొద్దిగా ఉబ్బి రెండో పక్క సడలుతుంది. జర్మన్ వైద్యుడు కైజర్ 1895లో వర్ణించిన ఈ నాసికా చక్రం, ఇడా పింగళ నాడుల పేరిట శ్వాస పక్కలు మారడాన్ని గమనించిన స్వరశాస్త్ర సంప్రదాయానికి ఏనాడో తెలుసు. పక్కకు ఒత్తిగిలి పడుకుంటే కింది పక్క ముక్కు బిగుసుకోవడం కూడా రోగం కాదు.

రాయపూర్ పరిసరాలు

ఖారూన్ నది పక్కన ఉన్న రాయపూర్ 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి దాని రాజధాని. 1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలు మార్గం, 1959లో ఉత్పత్తి మొదలుపెట్టిన భిలాయి ఉక్కు కర్మాగారం ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలను ఇక్కడికి చేర్చాయి. 'ధాన్ కా కటోరా', అంటే వరిగిన్నె, అని పేరుపడిన ఈ మైదానంలో కోతల కాలమంతా కళ్లాలలో నూర్పిడి దుమ్ము, ఆ తరువాత నెలల తరబడి రైసు మిల్లుల ఊక దుమ్ము గాలిలో ఉంటాయి. నగరానికి ఉత్తరాన ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడలలో స్పాంజ్ ఐరన్, ఉక్కు కర్మాగారాలు బొగ్గు మీద నడుస్తాయి. చలికాలపు రాత్రులలో నేలకు దగ్గరి గాలి చల్లబడి కదలకుండా నిలిచిపోవడంతో వాటి పొగ, మసి ఊళ్ల మీదనే ఉండిపోతాయి. మే నెలలో 'లూ' అనే వడగాలి ముక్కు పొరను ఎండగట్టి పొక్కులు కట్టిస్తుంది, నెత్తురు కారిస్తుంది. ఆ వేడికి విరుగుడుగా పెట్టుకునే కూలర్ల గడ్డి పలకలు సమయానికి మార్చకపోతే బూజు పట్టి, చల్లగాలితో పాటు బూజు రేణువులనూ గదిలోకి విసురుతాయి. జూన్ నడుమ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానలకు గోడలు చెమ్మగిల్లడం, వానలు వెనకబడగానే ఖాళీ స్థలాలన్నింటా గాజర్ ఘాస్ పూయడం దీనికి కొనసాగింపు. తెలుగు రైతులు వయ్యారిభామ అని పిలిచే ఈ పార్థీనియం మొక్క 1950ల నడుమ పుణె దగ్గర మొదట గుర్తింపు పొంది దేశమంతా పాకింది. దాని పుప్పొడి ముక్కుకూ చర్మానికీ శత్రువు.

ఈ నేల స్వభావంలో ముక్కుకు సంబంధించిన మరొక అంశం చెరువులు. ఛత్తీస్‌గఢ్ మైదానంలో చెరువు లేని పల్లె కనబడదు. మనుషుల స్నానం, బట్టల ఉతుకు, గేదెల ఈత చాలా చోట్ల ఒకే నీటిలో సాగుతాయి. దీని ఫలితం కింద వేరుగా వివరించబడింది.

జలుబు, దాని రోజుల లెక్క

మామూలు జలుబు వైరసుల వల్ల వస్తుంది. మొదటి రోజు గొంతులో గరగర, తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు. రెండు మూడు రోజులకు దిబ్బడ, కాస్త జ్వరం, ఒళ్లునొప్పులు. తరువాత చీమిడి చిక్కబడి పసుపు పచ్చగానో ఆకుపచ్చగానో మారి వారం పది రోజులలో తగ్గిపోవడం దాని క్రమం. ఆ ఆకుపచ్చ రంగును చూసి ఆంటీబయాటిక్ మందు కొనడం తెలుగునాటా రాయపూర్‌లోనూ ఒకటే అలవాటు. ఆ రంగు సూక్ష్మజీవులతో పోరాడడానికి వచ్చిన తెల్ల రక్తకణాలలోని మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైముది. వైరసు జలుబులోనూ అది అంతే సహజంగా వస్తుంది. రంగు ఒక్కటే బాక్టీరియా రోగానికి సాక్ష్యం కాదు, వైరసు మీద ఆంటీబయాటిక్ పనిచేయదు.

యూరప్ నిపుణుల బృందం 2020లో సవరించి ప్రకటించిన మార్గదర్శకాలు ఈ విషయంలో రోజుల లెక్కకు పెద్దపీట వేశాయి. లక్షణాలు పది రోజులు దాటినా, ఐదో రోజు తరువాత తగ్గవలసింది పోయి ముదిరినా అది జలుబు అనంతర సైనస్ శోథ. దీనిలో కూడా ఎక్కువ భాగం తనంతట మానేదే. బాక్టీరియా చేరినట్టు అనుమానించాలంటే ఐదు గుర్తులలో కనీసం మూడు ఉండాలి: రంగు మారిన చీమిడి, ముఖ్యంగా ఒక పక్క నుంచి, ఒకే చోట, తరచు ఒక పక్కనే, తీవ్రమైన నొప్పి, 38 డిగ్రీల సెల్సియస్‌కు మించిన జ్వరం, రక్తపరీక్షలో శోథను చూపే సూచికలు పెరగడం, తగ్గుముఖం పట్టిన జబ్బు మళ్లీ తిరగబెట్టడం. చివరిది ఇంటివారు సులభంగా పట్టుకోగలిగినది. నాలుగో రోజు లేచి తిరిగిన మనిషి ఏడో రోజు జ్వరంతో, బుగ్గ నొప్పితో మంచం పట్టాడంటే వైద్యుని దగ్గరికి వెళ్లవలసిందే. పెద్దవారికి వచ్చే వైరసు జలుబులలో బాక్టీరియా సైనస్ శోథగా మారేవి నూటికి రెండుకు మించవు.

సైనసు నొప్పి ఏ గది నిండితే దాని చుట్టూ ఉంటుంది: మాక్సిలరీ అయితే బుగ్గలోనూ పైపళ్లలోనూ, ఫ్రంటల్ అయితే నుదుట, ఎత్మాయిడ్ అయితే కళ్ల నడుమ, స్ఫీనాయిడ్ నొప్పి మాత్రం నడినెత్తిన, తల వెనుక, కళ్ల లోతున అనిపిస్తూ దారి తప్పిస్తుంది. ముందుకు వంగితే బరువు పెరగడం చాలామంది చెప్పే లక్షణం. పిల్లలు నొప్పిని చెప్పలేరు, వాసన పోయిందని అసలే చెప్పలేరు. వారిలో రాత్రిపూట దగ్గు, నోరు తెరిచి నిద్రపోవడం, గురక, నోటి దుర్వాసన ఆ స్థానంలో కనిపిస్తాయి. ముక్కు వెనుక ఉండే అడినాయిడ్ గ్రంథి పెరిగినా ఇవే లక్షణాలు వస్తాయి కనుక చిన్నపిల్లలలో రెండింటినీ వేరు చేయడం వైద్యుని పని.

అలర్జీ ముక్కు

దురద లేని అలర్జీ అరుదు. వరుసగా పది పదిహేను తుమ్ములు, నీళ్లలా కారే పలుచని స్రావం, ముక్కుతో పాటు కళ్లలో, అంగిట్లో, చెవి లోపల దురద, వీటన్నింటి నడుమ జ్వరం లేకపోవడం అలర్జీ నాసికాశోథను జలుబు నుంచి వేరుచేసే ముఖ్య లక్షణాలు. పిల్లలు అరచేత్తో ముక్కు కొనను పైకి తోసి రుద్దుకోవడాన్ని వైద్యులు 'అలర్జీ సలాము' అంటారు. ఏళ్ల తరబడి అలా రుద్దితే ముక్కు మీద అడ్డగీత పడుతుంది. ఇలాంటి పిల్లల కళ్ల కింద నల్లటి వలయాలు కూడా కనిపిస్తాయి. శరీరం హాని లేని పదార్థాన్ని శత్రువుగా భ్రమించి ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేయడం, ఆ పదార్థం మళ్లీ తగిలినప్పుడు ముక్కు పొరలోని కణాలు హిస్టమిన్ విడుదల చేయడం దీని మూలం. ఐజీఈని 1960ల రెండో సగంలో జపాను దంపతులు ఇషిజాకాలు అమెరికాలోనూ, యొహాన్సన్, బెన్నిచ్ స్వీడన్‌లోనూ వేర్వేరుగా కనుగొన్నారు. ఇంటి దుమ్ములో అలర్జీ కలిగించేది పరుపులూ దిండ్లలో బతికే అతి చిన్న పురుగు అని నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు 1964లో తేల్చారు.

వారానికి నాలుగు రోజులకన్నా తక్కువగా గాని, వరుసగా నాలుగు వారాలకన్నా తక్కువగా గాని ఉంటే దానిని విడతల అలర్జీ అనీ, రెండింటినీ దాటితే నిలకడ అలర్జీ అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి రూపొందిన 2001 నాటి అంతర్జాతీయ పత్రం విభజించింది. అయితే రాయపూర్ వంటి చోట రోగి దీనికన్నా సులువైన లెక్క వేసుకోవచ్చు: లక్షణాలు ఎప్పుడు, ఎక్కడ పెరుగుతున్నాయి? పొద్దున మంచం మీద ఉండగానే తుమ్ములు మొదలైతే పరుపు దుమ్ము, వానలు వెనకబడ్డ తరువాత ముదిరితే వయ్యారిభామ పుప్పొడి, కూలరు వేసిన గదిలో పెరిగితే బూజు మొదటి అనుమానితాలు. మిల్లులో బస్తాలు మోసే హమాలీకి పనిదినాలలో ముక్కు బిగిసి సెలవు రోజున సడలితే, సొంత ఊరు వెళ్లిన వారం రోజులూ హాయిగా ఉంటే, అది వృత్తివల్ల వచ్చిన నాసికాశోథ. రోగి తన ఉద్యోగాన్ని వైద్యునికి చెప్పకపోతే, వైద్యుడు అడగకపోతే ఇది ఎన్నటికీ బయటపడదు. అలర్జీ ముక్కు ఉన్నవారిలో చాలామందికి ఉబ్బసం కూడా ఉంటుంది. రాత్రి దగ్గు, పిల్లికూతలు ఉంటే ఆ సంగతీ చెప్పాలి.

అలర్జీ కాకుండానే ముక్కు దిబ్బడ వేసే కారణాలలో ముక్కు చుక్కల మందు ముఖ్యమైనది. జైలోమెటజోలిన్ వంటి చుక్కలు నిమిషాలలో ముక్కును తెరుస్తాయి; వారం రోజులకు మించి వాడితే మందు దిగగానే పొర మునుపటికన్నా ఎక్కువగా ఉబ్బి, మళ్లీ చుక్కలు లేనిదే ఊపిరాడని స్థితి వస్తుంది. ఏళ్ల తరబడి సీసాను జేబులో వేసుకు తిరిగేవారికి ఆ సీసాయే రోగమని ఎవరో ఒకరు చెప్పాలి.

పన్నెండు వారాలు దాటినప్పుడు

దిబ్బడ, లేదా ముందుకు ముక్కు నుంచో వెనక్కి గొంతులోకో స్రావం, ఈ రెండింటిలో ఒకటి తప్పనిసరిగా ఉంటూ, దానికి ముఖపు బరువు గాని వాసన తగ్గడం గాని తోడై, మొత్తం పన్నెండు వారాలు గాని అంతకన్నా ఎక్కువ గాని సాగితే దానిని దీర్ఘకాలిక సైనస్ శోథ అంటారు. దీనిలో నొప్పి, జ్వరం అంతగా ఉండవు. పొద్దున లేస్తూనే గొంతు సవరించుకోవడం, కళ్లె తెగకపోవడం, అలసట, కూర మాడినా తెలియకపోవడం ముందుంటాయి. ముక్కులో పాలిపోయిన, తొక్క తీసిన ద్రాక్షపండ్లలా వేలాడే కండ పెరుగుదలలు, అంటే పాలిప్‌లు, ఉన్నప్పుడు వాసన ముందుగా పోతుంది. అవి రెండు పక్కలా ఉండడం సాధారణం, ముట్టుకుంటే నొప్పి పుట్టదు, నెత్తురు రాదు. ఈ మూడు విషయాలూ కింద వచ్చే రోగంతో పోల్చడానికి గుర్తుంచుకోదగినవి. ఉబ్బసమూ పాలిప్‌లూ ఉన్న కొందరికి ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు పడవు. ఉక్క, వేడి కలిసిన ప్రాంతాలలో శిలీంధ్రానికి అలర్జీగా వచ్చే సైనస్ శోథ యువకులలో కనిపిస్తుంది. వేరుశనగ ముద్దలా చిక్కని, గోధుమ రంగు జిగురు గదులలో పేరుకుని ఎముకను నెడుతూ ఒక్కోసారి కన్ను ముందుకు పొడుచుకు వచ్చేలా చేస్తుంది.

దిబ్బడ లేకుండా వాసన ఒక్కసారిగా పోవడం వేరే కథ. 2020 నుంచి కోవిడ్ వల్ల ఈ లక్షణం లోకమంతటికీ తెలిసింది. అక్కడ అడ్డుపడింది గాలి దారి కాదు, దెబ్బతిన్నది వాసనను పసిగట్టే పొర.

తలనొప్పి విషయంలో నిక్కచ్చిగా ఉండడం అవసరం. అమెరికాలో 2004లో వెలువడిన ఒక అధ్యయనం, తమకు సైనస్ తలనొప్పి ఉందని తామే అనుకున్న లేదా వైద్యులు అలా నిర్ధారించిన 2,991 మందిని పరీక్షించగా వారిలో 88 శాతం మందికి ఉన్నది మైగ్రేన్ తరహా తలనొప్పి, అంటే పార్శ్వపు నొప్పి. ఆ నొప్పి లేచినప్పుడు ముఖపు నరాల ద్వారా ముక్కు కారడం, కన్ను నీరు పెట్టడం కూడా జరగడంతో రోగి మోసపోతాడు. గంటల తరబడి తల ఒక పక్క అదురుతూ, వెలుతురు, చప్పుడు భరించలేక, వికారంతో చీకటి గదిలో పడుకోవాలనిపించే మనిషికి చీమిడి లేకపోతే, సైనసు మీద నేరం మోపడం అన్యాయమే. అతను ఏళ్ల తరబడి మింగిన ఆంటీబయాటిక్‌లు అతనికి ఏ మేలూ చేయలేదు.

ఒక పక్క ముక్కు: రైనోస్పోరిడియోసిస్

లక్షణాలు ఒకే పక్కన ఉంటే ఆలోచన మారాలి. చిన్నపిల్ల ఒక పక్క ముక్కు నుంచి దుర్వాసనతో చీమిడి కారుతుంటే చింతపిక్కో, పూసో, వడ్లగింజో లోపల ఇరుక్కుని ఉందేమోనని, లేదని తేలేదాకా, అనుమానించాలి. పెద్దవారిలో ఒక పక్క కుళ్లు వాసన ఉంటే పైదవడ పన్ను వేరు చెడి, పక్కనే ఉన్న మాక్సిలరీ సైనసులోకి చీము చేరి ఉండవచ్చు. పన్ను బాగుచేయనిదే ఆ ముక్కు బాగుపడదు. వయసు మీరినవారిలో ఒక పక్క దిబ్బడ, నెత్తురు చారలు, బుగ్గ మొద్దుబారడం కణితికి సంకేతాలు కావచ్చు.

రాయపూర్ ప్రాంతంలో వీటన్నింటితో పాటు, కొన్ని పల్లెలలో వీటన్నింటికన్నా ముందు, తలచుకోవలసిన రోగం రైనోస్పోరిడియోసిస్. ఇది సూక్ష్మజీవి వల్ల ముక్కు పొరలో కండ పెరిగే దీర్ఘకాలిక శోథ. గిల్లెర్మో సీబర్ 1900లో బ్యూనస్ ఎయిరీస్‌లో దీనిని వర్ణించాడు. 1903లో ఒకినీలీ అనే వైద్యుడు కలకత్తా నుంచి భారతదేశపు కేసును నివేదించాడు. 1923లో ఆష్‌వర్త్ అనే శాస్త్రజ్ఞుడు ఆ జీవి జీవనచక్రాన్ని వివరించి రైనోస్పోరిడియం సీబెరై అనే పేరును స్థిరపరచాడు. ఆ తరువాత దశాబ్దాల పాటు దీనిని శిలీంధ్రంగా ఎంచారు. 1999లో జన్యు పరిశోధన దీనిని శిలీంధ్రాలకూ జంతువులకూ మధ్య ఎక్కడో ఉన్న, చేపలకు రోగాలు తెచ్చే నీటి జీవుల వర్గంలోకి చేర్చింది. ఈ మార్పు పేర్ల వ్యవహారంగా కనిపించినా, నీటితో దాని సంబంధాన్ని బలపరచిన విషయం ఇదే. ప్రపంచంలోని కేసులలో అత్యధిక భాగం భారత్, శ్రీలంకలవే. దేశంలో ఛత్తీస్‌గఢ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్, తమిళనాడు, కేరళ ప్రాంతాలు దీనికి పేరుపడ్డాయి. రాయపూర్‌లో 1963లో ఏర్పడిన పండిత్ జవహర్‌లాల్ నెహ్రూ స్మారక వైద్య కళాశాల వైద్యులు 2007లో ఒక భారతీయ రోగనిర్ధారణ శాస్త్ర పత్రికలో 462 కేసుల నివేదికను ప్రచురించారు. ఒక్క కేసే వింతగా నివేదికకెక్కే దేశాలు ఉన్న రోగానికి ఒకే నగరం నుంచి వచ్చిన ఈ సంఖ్య ఇక్కడి పరిస్థితిని చెబుతుంది.

రోగి చెప్పేది రెండే మాటలు: ఒక పక్క ముక్కు మూసుకుపోయింది, అప్పుడప్పుడు నెత్తురు వస్తున్నది. ముక్కులో చూస్తే ఎర్రగా, గరుకుగా, పైన తెల్లని చుక్కలతో స్ట్రాబెరీ పండు ముక్కలాంటి కండ కనిపిస్తుంది. ఆ తెల్లని చుక్కలు వేలాది బీజకణాలతో నిండిన గోళాలు. మిల్లీమీటరులో మూడో వంతు దాకా పెరిగే వాటిని మామూలు కంటితోనే చూడవచ్చు. మామూలు పాలిప్ పాలిపోయి, నున్నగా, రెండు పక్కలా ఉంటుంది, నెత్తురు కారదు. ఇది ఎర్రగా, గరుకుగా, ఒక పక్కనే ఉండి తాకితే నెత్తురు కారుతుంది. కొందరిలో ఇది ముక్కు వెనుక భాగాన పెరిగి గొంతులోకి వేలాడుతుంది, మరికొందరిలో కంటి రెప్ప లోపల ఎర్రని మొలకలా కనిపిస్తుంది. యువకులలో, పురుషులలో ఎక్కువ. నిలిచిన నీటిలో మునిగి చేసే స్నానం, ముక్కు పొర మీద అంతకు ముందే ఉన్న చిన్న గాయం దీనికి దారి చేస్తాయని భావిస్తారు. వడగాలికి ఎండి పగిలిన ముక్కుతో చెరువులో మునిగే మనిషికి ఈ రెండూ కూడి వస్తాయి. మనిషి నుంచి మనిషికి సోకినట్టు ఆధారాలు లేవు, కాబట్టి రోగిని ఇంట్లో వేరుగా కూర్చోబెట్టడం అర్థం లేని క్రూరత్వం.

ఈ జీవిని ప్రయోగశాలలో మామూలు పద్ధతులలో పెంచలేరు. కోసి తీసిన కండను సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడే నిర్ధారణ అవుతుంది. చికిత్స శస్త్రచికిత్సే: కండను మొదలంటా తీసి, అడుగును విద్యుత్తుతో కాల్చడం. అలా చేసినా మళ్లీ పెరగడం ఈ రోగపు చెడ్డ గుణం. కుష్ఠుకు వాడే డాప్సోన్ మందును కొందరు వైద్యులు తరువాత కొన్ని నెలలు ఇస్తారు. పల్లెలో దీనిని పాలిప్ అనుకుని పైపైన తుంచేసి పంపితే మళ్లీ తిరగబెట్టే అవకాశం ఎక్కువవుతుంది.

దేశంలో కుష్ఠు ఎక్కువగా నమోదయ్యే రాష్ట్రాలలో ఛత్తీస్‌గఢ్ ఒకటి కనుక మరొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఒకరకం కుష్ఠులో చర్మపు మచ్చలు స్పష్టం కాకముందే ముక్కు దిబ్బడ, పొక్కులు, నెత్తురు కనిపిస్తాయి. ఆలస్యమైతే ముక్కు దూలం కుంగిపోతుంది.

నల్ల పొక్కు

2021 వేసవిలో కోవిడ్ రెండో ఉద్ధృతి వెనుకనే వచ్చిన మ్యూకర్‌మైకోసిస్, వాడుకలో బ్లాక్ ఫంగస్, ముక్కు లక్షణాలను తేలికగా తీసుకోరాదని దేశానికి నేర్పింది. అదుపు లేని మధుమేహం, విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్‌లు దానికి నేల తయారుచేశాయి. తెలంగాణ ప్రభుత్వం 2021 మేలో దానిని అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా తెలియజేయవలసిన రోగంగా ప్రకటించి హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని ప్రధాన చికిత్సా కేంద్రంగా చేసింది. ఛత్తీస్‌గఢ్ రోగులలో చాలామంది 2012లో మొదలైన రాయపూర్ ఎయిమ్స్‌కు చేరారు. ఒక పక్క ముఖం నొప్పి, బుగ్గ మొద్దుబారడం, కంటిరెప్ప వాలిపోవడం లేదా కన్ను ఉబ్బడం, వస్తువులు రెండుగా కనబడడం, పైపళ్లు కదలడం, ముక్కులోనో అంగిట్లోనో నల్ల పొక్కు దీని గుర్తులు. రక్తనాళాలలోకి చొరబడి కండను చంపే ఈ శిలీంధ్రానికి రోజులు కాదు, గంటలు లెక్క. మధుమేహం ఉన్న మనిషికి వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పెద్దాసుపత్రికి అదే రోజు వెళ్లాలి. యాంఫోటెరిసిన్ మందు, చచ్చిన కండ తొలగింపు ఎంత త్వరగా జరిగితే అంత మేలు.

మామూలు సైనస్ శోథ కూడా అరుదుగా హద్దు దాటుతుంది. కంటి చుట్టూ వాపు, చూపు మందగించడం, నుదుట మెత్తని ఉబ్బు, మెడ బిగుసుకోవడం, భరించలేని తలనొప్పి, మగత, వాంతులు అందుకు ఆనవాళ్లు. ముఖ్యంగా పిల్లలలో ఎత్మాయిడ్ నుంచి కంటికి చీము పాకడానికి కాగితంలా పలుచని ఎముక ఒక్కటే అడ్డు.

పీనసం

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం ముక్కు రోగాలను విడిగా చర్చించి, ప్రతిశ్యాయాన్ని, అంటే పడిశాన్ని, వాత, పిత్త, కఫ, సన్నిపాత, రక్త భేదాలతో ఐదు విధాలుగా చెప్పింది. పట్టించుకోని పడిశం ముదిరి వాసనను పోగొడుతుందనీ దుర్గంధాన్ని తెస్తుందనీ హెచ్చరించింది. తెలుగువారు పీనసం అనే మాటను దీర్ఘకాలపు దుర్గంధ పడిశానికి వాడుతూ వచ్చారు. ఆధునిక వైద్యంలో దీనికి దగ్గరిది ముక్కు పొర క్షీణించే రోగం: ముక్కు లోపల చోటు పెరిగి, ఆకుపచ్చ పొక్కులు కట్టి, పక్కవారు భరించలేని కంపు వస్తుంది, రోగికి మాత్రం వాసన తెలియదు. గాలి దారి విశాలంగా ఉన్నా ముక్కు మూసుకున్నట్టే అనిపించడం విచిత్రం. ఇలాంటి ముక్కులో ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడడం మధ్యభారత పల్లెలలో నేటికీ జరుగుతున్నది.

పరీక్షలు, ఇంటి జాగ్రత్తలు

కొత్తగా వచ్చిన జలుబుకూ సైనస్ శోథకూ పరీక్షలు అక్కర్లేదు, రోజుల లెక్క చాలు. మామూలు ఎక్స్‌రే వల్ల తేలేది తక్కువ. పన్నెండు వారాలు దాటిన వాటికి, ఒక పక్కనే ఉన్న వాటికి, నెత్తురు వచ్చే వాటికి ఎండోస్కోపు పరీక్ష, అవసరమైతే సి.టి. స్కాన్ కావాలి. అలర్జీకి చర్మం మీద సూదిమొన పరీక్ష ఉంది. రాయపూర్‌లో వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న, జనం మేకాహారా అని పిలుచుకునే డాక్టర్ అంబేద్కర్ స్మారక ఆసుపత్రిలోనూ ఎయిమ్స్‌లోనూ చెవి, ముక్కు, గొంతు విభాగాలు ఉన్నాయి.

ఉప్పునీటితో ముక్కు కడగడం, యోగసాధకులు జలనేతి అనేది, అలర్జీలోనూ దీర్ఘకాలిక శోథలోనూ నిజంగా మేలు చేస్తుంది. అయితే ఆ నీరు మరిగించి చల్లార్చినదే కావాలి. చెరువు నీరు, బావి నీరు, కుళాయి నీరు నేరుగా ముక్కులోకి పంపితే వేడి నీటిలో బతికే నీగ్లేరియా అనే అమీబా ముక్కు పైకప్పు గుండా మెదడుకు చేరే ప్రమాదం ఉంది. ఆ రోగం సోకినవారిలో బతికినవారు బహుకొద్దిమంది. ఆవిరి పట్టడం హాయినిస్తుంది గాని రోగాన్ని తగ్గించదు, మరిగే గిన్నె ఒలికి ఒళ్లు కాలిన పిల్లలు మాత్రం ఎందరో. దుమ్ములో పనిచేసేవారికి ముఖానికి కట్టుకునే గుడ్డకన్నా సరిగా బిగిసే మాస్కు మేలు, అది ఇవ్వవలసిన బాధ్యత మిల్లు యజమానిది.

రాయపూర్, భిలాయి నుంచి ఉత్తరాంధ్రకో హైదరాబాదుకో తిరిగి వచ్చిన కుటుంబాలు అక్కడి వైద్యుని ముందు కూర్చున్నప్పుడు, ఒక పక్క ముక్కు దిబ్బడ, నెత్తురు ఉంటే, అతను అడగకపోయినా తాము ఏ ఊళ్లో ఎన్నేళ్లు చెరువులో స్నానం చేశారో ముందుగా చెప్పాలి.